మఖ్దూం పాట, గద్దర్ గొంతు

హైదరాబాద్ నగరానికి మెదక్ జిల్లా ఇద్దరు పాటకవులను ఇచ్చింది. 1908లో ఆందోల్‌లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు, 1949లో తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, అంటే మన గద్దర్, ఇంకొకరు. ఆయన ఉర్దూ, ఈయన తెలుగు. ఇద్దరూ ఉస్మానియా గడప తొక్కినవాళ్లే, ఎర్రజెండా పట్టినవాళ్లే, కొన్నేళ్లు అజ్ఞాతంలో గడిపినవాళ్లే. ఇద్దరి పాటలూ సినిమాకెక్కాయి. రాజకీయాలపరంగా ఎవరు ఎటు నిలబడ్డారో చెప్పడానికి వేరే వ్యాసాలున్నాయి. నాకు కావలసింది వాళ్ల రికార్డింగులు. ముఖ్యంగా గద్దర్ నడివయసు పాటలు, అంటే 1990లో అజ్ఞాతం వీడి వచ్చినప్పటి నుంచి 2011 దాకా మైదానాల్లో, క్యాసెట్లలో, సినిమాల్లో మిగిలినవి. వాటిని ఇన్నేళ్లకు మళ్లీ వరసగా వింటుంటే పక్కన మఖ్దూంను పెట్టుకోకుండా తూకం తేలడం లేదు.

పాతబస్తీలో పెరిగిన తెలుగువాడికి ఈ పోలిక వెతుక్కుంటే దొరికేది కాదు, చెవిలోనే ఉంటుంది. లాల్‌దర్వాజా నుంచి శాలిబండ మీదుగా చార్మినార్ దాకా నడిస్తే ఒక ఇంటి రేడియోలో లతా మంగేష్కర్ గజల్, ఇంకో సందులో డప్పు దరువు వినిపించే రోజులవి. ఆ గజల్ రాసింది మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పిన మేష్టారని చాలామందికి తెలియదు. తెలియకపోయినా పాటకు లోటు రాలేదు. డప్పు వినిపించిన వైపు మాత్రం అది ఎవరి గొంతో చెప్పనక్కర లేకపోయేది. ఈ రెంటి మధ్య తేడా ఏమిటన్నదే నా ప్రశ్న. కవిని పక్కకు తప్పిస్తే పాటలో ఎంత మిగులుతుంది?

ముందు మఖ్దూం. ఆయన ‘చారాగర్’ అనే కవిత ‘చా చా చా’ సినిమాలో (1964) పాటయింది. ఇక్బాల్ ఖురేషీ బాణీ, రఫీ, ఆశా భోంస్లే గొంతులు. కవితలో ఒక మల్లెపందిరి ఉంటుంది. దాని కింద ఇద్దరు ప్రేమలో కాలిపోయారని ఎవరో చూసినవాడు చెబుతుంటాడు. మసీదు, గుడి, పానశాల అన్నీ సాక్షులే. చివరకు వైద్యుణ్ని నిలదీస్తాడు. ఇది సాక్షి వాంగ్మూలం. సినిమాకు కావలసింది యుగళగీతం. అందుకని కాలిపోయిన ఆ ఇద్దరి చేతే వాళ్ల కథ పాడించారు. కాగితం మీద ఆలోచిస్తే ఇది పెద్ద పొరపాటు. చచ్చిపోయినవాళ్లు తమ చావు తామే చెప్పుకోవడమేమిటి? విన్నప్పుడు మాత్రం పొరపాటనిపించదు. రఫీ ఎక్కడా గొంతు చించుకోడు. ఎవరికో జరిగినదాన్ని చెబుతున్నట్టు, ఒక అడుగు దూరంగా నిలబడి పాడతాడు. పాశ్చాత్య నృత్యాల పేరు పెట్టుకున్న సినిమాలో ఈ పాట ఎలా ఇమిడిందో గాని, కవితలోని సాక్షి ఆ దూరంలో బతికిపోయాడు.

‘ఉస్‌నే కహా థా’ (1960) కోసం సలిల్ చౌధురి ఎత్తుకున్న సిపాయి పాట గురించి ఎక్కువ చెప్పను. మన్నా డే, సబితా చౌధురి పాడిన మంచి పాట. యుద్ధానికి వెళ్లేవాణ్ని అడగవలసిన ప్రశ్న అడుగుతుంది, ఊరుకుంటుంది.

అసలు సంగతి ఆయన పోయాక జరిగింది. 1969 ఆగస్టు 25న మఖ్దూం ఢిల్లీలో చనిపోయారు. ‘బిసాత్-ఎ-రక్స్’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందీ ఆ ఏడాదే. తొమ్మిదేళ్లు గడిచాక ముజఫ్ఫర్ అలీ ‘గమన్’ తీశాడు. రాత్రంతా ఎవరో గుర్తొస్తూనే ఉన్నారనే మఖ్దూం గజల్‌ను జయదేవ్ ఆకాశవాణి గాయని ఛాయా గంగూలీ చేత పాడించాడు. ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. సినిమాలో భర్త బొంబాయిలో టాక్సీ నడుపుతుంటాడు, భార్య ఊళ్లో ఎదురుచూస్తుంటుంది. మఖ్దూం రాసినప్పుడు ఆ టాక్సీ లేదు, ఆ వలస లేదు. అయినా పాట ఆ ఎడబాటు కోసమే రాసినట్టుంటుంది. గంగూలీ గొంతులో లత నున్నదనం లేదు, కాస్త బొంగురు. అదే ఈ పాటకు ప్రాణం. నిద్రపట్టని మనిషి గొంతు అలాగే ఉంటుంది మరి.

1982లో సాగర్ సర్హదీ ‘బాజార్’ వచ్చింది. కథ మన హైదరాబాద్‌దే. బీదింటి పిల్లలను గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు నిఖా పేరుతో అమ్మేయడం. ఆ సినిమాలో మఖ్దూం పూల గజల్‌ను ఖయ్యాం లత చేత, హైదరాబాదీ తలత్ అజీజ్ చేత పాడించాడు. ఒకరు ఒక పాదం, ఇంకొకరు ఇంకో పాదం. విడిగా వింటే ఇంత తియ్యటి పాట ఇంకొకటి లేదు. సినిమాలో చూస్తే గుండె బిగబట్టుకుంటుంది, ఎందుకంటే ఆ పిల్ల అమ్ముడుపోతుందని మనకు తెలుసు. పూల మాట వచ్చినప్పుడల్లా బేరం మాట వినపడుతుంది. మఖ్దూం బతికి ఉండి తన ఊరి మీద ఇలాంటి కథ రాయాలనుకుంటే ఇంత క్రూరంగా రాయగలిగేవాడా అని నాకు అనుమానం. ఆయన పని ఆయన గజల్ చేసింది, ఆయన లేకుండానే.

ఇప్పుడు గద్దర్. 1985లో అజ్ఞాతంలోకి వెళ్లిన మనిషి 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో జననాట్యమండలి సభకు వచ్చి నిలబడ్డాడు. చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించిన కొద్ది నెలలవి. రెండు లక్షల మంది వచ్చారని లెక్క చెప్పుకుంటారు. గోచీ, గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఈ వేషం గురించి ఎందరో రాశారు. నేను కళ్లు మూసుకుని వినమంటాను. అప్పటి నుంచి 1997 దాకా జరిగిన సభల టేపులు ఎన్నో చేతులు మారాయి. ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కు ఎక్కిస్తూ పోతే గొంతు కింద గాలి మోత మిగిలింది. ఆ మోతలోంచి వినిపించేవి రెండు: దరువు, మాట.

మాట అంటున్నాను గాని పాట అనడం లేదు, చూశారా? ఆయన సభలో పాట మొదలవుతుంది, పల్లవి రెండుసార్లు తిరుగుతుంది, ఆగుతుంది. దరువు సన్నబడుతుంది. అప్పుడు మాట్లాడతాడు. ఒక తల్లిని పిలుస్తాడు, ఆమె లాగా జవాబు చెబుతాడు. నవ్వుతాడు, ఆ నవ్వు ఏడుపులోకి జారుతుంది. కోరస్‌ను అడుగుతాడు, కోరస్ చాలకపోతే జనాన్ని అడుగుతాడు. ‘రేలా’ అని రాగం తీసి మళ్లీ చరణంలోకి దూకుతాడు. ఐదు నిమిషాల పాట అరగంటవుతుంది. ఆ అరగంటలో చరణాలు ఎముకల్లాంటివి, కండ అంతా మాటే. కాబట్టి ఈ టేపుల్లోంచి పాటను వేరుచేసి దాచుకుందామనుకున్నవాడికి చేతికొచ్చేది ఎముకే.

ఇది పొగడ్త అనుకోవద్దు. సగం ఫిర్యాదు కూడా. మైదానం ఆయనకు క్లుప్తతను ఎన్నడూ నేర్పలేదు. జనం చప్పట్లు కొడుతుంటే ఏ కవీ చరణం తగ్గించుకోడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని వింటుంటే ఒకే భావం నాలుగుసార్లు నాలుగు పేర్లతో తిరిగిరావడం తెలుస్తుంది. మైదానంలో నిలబడ్డవాడికి ఆ నాలుగూ అవసరమే, వెనక వరసకు మొదటిది వినపడి ఉండదు. నాకు వినపడుతోంది, అదే చిక్కు.

అంతకు ముందటి గద్దర్ ఇలా కాదు. ‘మా భూమి’లో ‘బండెనక బండి’ని గుర్తు చేసుకోండి. రాసింది బండి యాదగిరి, నిజాం మీద సాయుధ పోరాటం నాటి పాట. తెర మీద గద్దర్ పాడింది కొద్ది నిమిషాలే. సొంతంగా ఒక్క మాట కలపలేదు. బిగించి లాగిన తాడులా ఉంటుంది. ఇంకొకరి పాట కాబట్టి అణకువగా పాడాడా, దర్శకుడు గౌతమ్ ఘోష్ అదుపులో పెట్టాడా చెప్పలేను గాని, గద్దర్ గొంతు ఎంత ఉందో కొలవాలంటే నేను మొదట ఇదే వింటాను. బి.నర్సింగరావు ‘రంగుల కల’లో (1983) కొడుక్కి జాగ్రత్తలు చెప్పే పాటకు వచ్చేసరికి మాట నెమ్మదిగా లోపలికి రావడం మొదలైంది. అక్కడ అది పాటకు బలమే. తల్లో తండ్రో గడప దగ్గర నిలబడి చెబుతున్నట్టే ఉంటుంది, రాగమని గుర్తురాదు.

1995లో ‘ఒరేయ్ రిక్షా’ వచ్చింది. దాసరి నారాయణరావు దర్శకుడు, ఆర్.నారాయణమూర్తి రిక్షావాడు. గద్దర్ మొదట్లో రాసిన పాటల్లో రిక్షా పాట ఒకటి. ఆ రోజుల్లో పాతబస్తీ సందుల్లో కాలుపెడితే రిక్షా తగిలేది. ఇరవై ఏళ్లు దాటాక ఆయన మళ్లీ రిక్షా దగ్గరకే వచ్చాడు, ఈసారి సినిమా బండెక్కి. అందులో చెల్లెలి పాట ఉంది, జనం ‘పుట్టుమచ్చ పాట’ అంటారు. రాసింది గద్దర్, పాడింది వందేమాతరం శ్రీనివాస్, సంగీతమూ ఆయనదే. శ్రీనివాస్ వచ్చింది ప్రజానాట్యమండలి నుంచి. జననాట్యమండలి మనిషి రాసింది ప్రజానాట్యమండలి మనిషి పాడాడన్నమాట. ఆ రెండు సంస్థల వెనకున్న పార్టీల మధ్య దూరం తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఈ పాటను గద్దర్ సభల్లో కూడా పాడాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. గద్దర్ పాడినప్పుడు చెల్లెలు ఒక్కతె కాదు, ఎదుట కూర్చున్న ఆడవాళ్లందరూ. చరణం నుంచి బయటికి వచ్చి వాళ్లతో మాట్లాడతాడు, వాళ్ల పనీ పాటూ చెబుతాడు, తిరిగి పాటలోకి వెళతాడు. శ్రీనివాస్‌కు ఆ వెసులుబాటు లేదు. స్టూడియో గడియారం ఉంది, నాలుగైదు నిమిషాల్లో అన్నయ్య తోబుట్టువు రుణం తీర్చుకోవాలి. ఆ ఇరుకులో ఆయన ఒక్క పని చేశాడు: పల్లవిని పైస్థాయిలో పట్టుకుని వదలలేదు. చెల్లెలి పాదం మీద మచ్చగా పుట్టాలనే కోరిక గద్దర్ నోట ఒక ప్రమాణంలా ఉంటుంది, శ్రీనివాస్ నోట ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంటుంది. రెండోదే సరైనదని నా తీర్పు. గద్దర్ పాటను గద్దర్ కంటే బాగా పాడినవాడు ఒకడున్నాడని అన్నందుకు కోపగించుకునేవాళ్లుంటారు, తప్పదు. ఉత్తమ గేయరచయితగా నంది అవార్డు ఇస్తామంటే గద్దర్ వద్దన్నాడు. (2025లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టడం చరిత్ర చేసిన చమత్కారం.)

ఈ పాటలోనూ మల్లె ఉంది, పందిరి ఉంది. మఖ్దూం మల్లెపందిరి కింద ఇద్దరు ప్రేమికులు కాలిపోతే, గద్దర్ పాటలో చెల్లెలు మల్లెతీగ, అన్న ఆమెకు ఆసరాగా నిలిచే పందిరి. ఒకే పెరటి వస్తువు. ఆయనకు అది చోటు, ఈయనకు మనిషి. మఖ్దూం ప్రేమికులకు పేర్లు లేవు, మొహాలు లేవు, వాళ్లు ఏ సినిమాలోకైనా వెళ్లగలరు. గద్దర్ అన్నాచెల్లెళ్లకు వంటిల్లుంది, వాకిలుంది, చేతి పనుంది. అయినా ఈ పాట ఆయన గొంతు దాటి పోగలిగిందంటే, ఇందులో ప్రసంగం పట్టే చోటు లేకపోవడం వల్లనే అనుకుంటాను. అన్న చెల్లెలితో మాట్లాడుతున్నాడు, మధ్యలో సభ అక్కరలేదు. ఆయన సభలో ఆ చోటు బలవంతంగా చేసుకున్నాడు.

గజల్‌తో జనం పాటను పోల్చడం న్యాయమా అని అడగవచ్చు. గజల్‌లో ఏ షేర్‌కు ఆ షేరే. నాలుగు తీసేసి మూడు పాడినా కొంప మునగదు. ఖయ్యాం, జయదేవ్ తమకు కావలసినవి ఏరుకున్నారు. గద్దర్ పాటలో ఒక చరణం తీస్తే కథలో ఒక మనిషి మాయమవుతాడు. కాబట్టి స్టూడియోలో మఖ్దూంకు లాభం, గద్దర్‌కు నష్టం ముందే రాసిపెట్టి ఉన్నాయి. ఒప్పుకుంటాను. కానీ మఖ్దూం గజళ్లే రాయలేదు. ఊరేగింపులో పాడుకునే ఆజాదీ యుద్ధగీతం కూడా రాశాడు. దాన్ని ఏ ఖయ్యామూ బాణీ కట్టి లతకు ఇవ్వలేదు. అది గద్దర్ పాటలాగే కార్యకర్తల గొంతుల్లో బతికింది. ‘సుర్ఖ్ సవేరా’ రాసిన కవిలోంచి బొంబాయి సినిమా ఎక్కువగా పూలను, రాత్రిని, ఎడబాటును తీసుకుంది.

తెలుగు సినిమా గద్దర్‌తో చేసింది కూడా దాదాపు ఇదే. ఎర్రపాటలకు తెర మీద కొదవ లేదు, నారాయణమూర్తి సినిమాల నిండా అవే. కానీ పెళ్లిపందిట్లో మైకులోనూ, ఆటోలోనూ, బోనాల నాడు స్పీకర్లోనూ పదే పదే వినపడే గద్దర్ పాట చెల్లెలి పాటే. ఇద్దరు కమ్యూనిస్టు కవుల దగ్గర సినిమా అడిగి పుచ్చుకున్నది రక్తసంబంధం, ప్రేమ. తుపాకీని ఇద్దరి దగ్గరా అక్కడే వదిలేసింది. దీనికి సినిమానే తిట్టాలని లేదు. వాళ్లలో ఆ మెత్తదనం లేకపోతే ఎవరూ తీసుకోలేరు కదా.

1997 ఏప్రిల్ 6న వెంకటాపురంలో ఇంటి దగ్గర గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాతి సభల రికార్డింగుల్లో, నా చెవికి, మాట వాటా ఇంకా పెరిగింది. ఒక కారణం శరీరం. ఇంకొకటి, ఆయనే ఒక కథ అయిపోయాడు. జనం పాటకు ముందు మనిషిని చూడటానికి వచ్చారు. తెలంగాణను తల్లిగా పిలిచి ఆమె ఆకలి వినిపించే పాట ఈ కాలంలో ఊరూరా తిరిగింది. అది మాటను ఓర్చుకోగల పాట. పల్లవి పొడవుగా సాగుతుంది, ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు. ఈ దశలో సభ రికార్డింగుల్లోంచి ఒక్కటే దాచుకోమంటే దాన్నే దాచుకుంటాను.

స్టూడియో వైపు నుంచి ఒక్కటే అంటే ‘పొడుస్తున్న పొద్దు’. ఎన్.శంకర్ ‘జై బోలో తెలంగాణ’ (2011), చక్రి సంగీతం, పాడింది గద్దరే. అరవై దాటిన గొంతు అది. దరువు ముందుండి నడిపిస్తుంటే ఆయన వెనకాల నడుస్తాడు. ముప్ఫై ఏళ్లు దరువును తన వెంట తిప్పుకున్న మనిషి తొలిసారి దరువుకు లొంగడం వింటాం. ఒక్క ప్రసంగం లేదు, జనంతో సంవాదం లేదు. కాలాన్నే సంబోధిస్తాడు, కాలం ఎదురు మాట్లాడదు. ఇదే పాట సభల్లో విన్నాను, అక్కడ మళ్లీ పాత అలవాటు: ఆగడం, మాట్లాడటం, అందుకోవడం. ఈ పాటకు అది పనికిరాలేదు. నడక పాట ఆగితే మళ్లీ లేవడానికి చాలా సమయం పడుతుంది. ‘మా భూమి’ నాటి బిగువు ఇక్కడ తిరిగి వచ్చింది, తేడా ఏమిటంటే ఈసారి పాట కూడా ఆయనదే.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయారు. మర్నాడు అంతిమయాత్ర జనసందోహంలో ‘సియాసత్’ ఉర్దూ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ కుప్పకూలి ప్రాణం విడిచారు. మఖ్దూం భాష చదివే నగరం, గద్దర్ భాష పాడే నగరం వేర్వేరని అనుకునేవాళ్లు ఆ రోజు అల్వాల్ దారిలో ఎవరెవరు నడిచారో అడిగి తెలుసుకోవాలి.

గద్దర్ నడివయసు టేపులను ఇప్పుడు ఏం చేయాలన్నది మిగిలింది. మఖ్దూం కవిత్వమంతా పుస్తకాల్లో ఉంది. ఎవరు పాడినా మూలంతో సరిచూసుకోవచ్చు. గద్దర్ పాటల పుస్తకాల్లో చరణాలున్నాయి, చరణాల మధ్య మాట లేదు. అంటే సభలో జరిగిన దాంట్లో సగానికి పైగా అచ్చులో లేనట్టే. ఆ టేపులను కూర్చుని రాసుకోవాలి: ఏ ఊరు, ఏ ఏడు, కోరస్ ఎక్కడ అందుకుంది, జనం ఏం జవాబిచ్చారు, ఎవరి పేరు కలిపాడు, ఎవరి పేరు తీసేశాడు. అవే చరణాల మధ్య అచ్చువేయాలి. చెల్లెలి పాటకే నాలుగు ఊళ్ల పాఠాలు పక్కపక్కన పెడితే, శ్రీనివాస్ పాడిందే మెరుగని నేను ఇచ్చిన తీర్పు నిలుస్తుందో పోతుందో అప్పుడు చూడవచ్చు.